స్పోర్ట్స్ కార్ బాడీ కోసం 6 లక్షల లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్, చేతికి 95 వేలు వస్తాయి. హోమ్ లోన్ ఈఎంఐ 31 వేలు, ఇంటి ఖర్చు 35, పాప స్కూల్‌కి 6, మ్యూచువల్ ఫండ్ సిప్ 10 వేలు. ఏడాదికోసారి లక్షా 20 వేల బోనస్. సేవింగ్స్‌లో 80 వేలున్నాయి. ఇన్సూరెన్స్ మా ఆఫీసువాళ్ళు ఇచ్చిందే. చిన్నప్పట్నుంచీ కార్లు గీయడమంటే పిచ్చి. పాత మారుతి ఎస్టీమ్ కారు కొని, నేను డిజైన్ చేసుకున్న ఫైబర్‌గ్లాస్ బాడీ వేద్దామని ఉంది. 14 శాతానికి ఐదేళ్ళ పర్సనల్ లోన్ 6 లక్షలు యాప్‌లో రెడీగా ఉంది. తీసుకోనా?

జవాబు: లోన్ వద్దండి. కారు మాత్రం మానొద్దు.

మీ లెక్కలో నెలకి మిగిలేది 13 వేలు, ఈ లోన్ ఈఎంఐ దాదాపు 13,960 పడుతుంది, అంటే మొదటి నెల నుంచే లోటు, వడ్డీయే 2 లక్షల 37 వేల పైన. అంతకన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది, వీకెండ్స్‌లో ఒక్కరే చేసుకునే బాడీకి రెండు మూడేళ్ళు ఈజీగా పడుతుంది, పాపకి జ్వరం వస్తే ఒక నెల పని ఆగుతుంది, వానాకాలం ఇంకో నెల పోతుంది, కానీ ఈఎంఐ ఆగదు కదా. డబ్బు కూడా పని నడిచినట్టే మెల్లగా నడవాలి.

నా క్లయింట్ ఒకాయన ఇలాగే బానెట్ అచ్చు కోసం థర్మాకోల్ చెక్కి, దానిమీద నేరుగా పాలిస్టర్ రెజిన్, అంటే ఫైబర్‌ని గట్టిపరిచే జిగురు ద్రవం, పూశారు. కళ్ళముందే థర్మాకోల్ కరిగి గుంటలు పడిపోయింది, నాలుగు ఆదివారాల పని, 14 వేల సరుకు పోయాయి. పీయూ ఫోమ్ వాడుంటే కరిగేది కాదు. అదే తప్పు చిన్న మోడల్ మీద జరిగుంటే వందల్లో పోయేది. మండుటెండలో రెజిన్ గట్టిపడటానికి కలిపే హార్డెనర్ కాస్త ఎక్కువ పడితే రెజిన్ మగ్గులోనే గడ్డకట్టి పొగ లేస్తుంది, ఇవన్నీ చేతికి అలవాటయ్యేదాకా సరుకు వేస్ట్ అవుతూనే ఉంటుంది, ఆ వేస్ట్‌కి వడ్డీ కట్టడం నాకైతే మనసొప్పదు.

ఇంకోటి, ఎస్టీమ్‌కి జీపులా కింద విడిగా చాసిస్, అంటే ఇనుప చట్రం, ఉండదు, దాని బలమంతా బాడీలోనే. పైన కోసేస్తే లోపల ట్యూబులతో ఫ్రేమ్ కట్టించాలి, ఆ వెల్డింగ్ ఖర్చు మీ 6 లక్షల్లో వేసుకున్నారా? పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్ మారేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది, శిక్ష ఒక్కో మార్పుకి 5 వేల ఫైన్ లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా వేయొచ్చు. కాబట్టి దీన్ని రోడ్డెక్కించే బండిగా, రేపు అమ్ముకునే ఆస్తిగా లెక్కలో రాసుకోకండి. ప్రైవేట్ స్థలంలో ఉంచుకుని చూసుకునే మీ చేతిపని అనుకోండి, అది తక్కువేం కాదు. బహదూర్‌పురాలో జూపార్క్ దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది, ఒకసారి పాపని తీసుకెళ్ళండి, సుధాకర్ గారు తుక్కు సామాన్లతో చేసిన బూటు కారు, క్రికెట్ బాల్ కారు చూస్తే డబ్బుకన్నా ఓపిక ఎంత పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆ 13 వేలు ఇలా పెట్టండి: 7 వేలు ఎప్పుడైనా తేలిగ్గా తీసుకోగలిగే లిక్విడ్ ఫండ్‌లో ఎమర్జెన్సీకి, 1,500 సొంత టర్మ్ లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీకి పక్కన, మిగిలిన 4,500 కారుకి, అది వేరే అకౌంట్లో వేయండి. బోనస్ మొత్తం ఎమర్జెన్సీకే, ఈఎంఐ, ఇల్లు, స్కూలు కలిపి ఆరు నెలలకి 4 లక్షల 32 వేలు కావాలి, సేవింగ్స్‌లో ఉన్న 80 వేలు కూడా కలుపుకుంటే రెండేళ్ళ లోపే నిండుతుంది. సిప్ మాత్రం కదపొద్దు.

ఏడాదికి 54 వేలు కారుకి వస్తాయి. మొదటి ఏడాది బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో డిజైన్, అది ఫ్రీయే, తర్వాత ఐదో వంతు సైజులో క్లే మోడల్, దాన్నుంచి ఒక చిన్న ఫైబర్ అచ్చు. అచ్చు నుంచి ముక్క పగలకుండా బయటికొచ్చిన రోజు పాత కారు వేట మొదలెట్టండి, అప్పటికి అకౌంట్లో ఎంతుంటే అంతలోనే. ముందు మాత్రం ఆ యాప్‌లో లోన్ ఆఫర్ ఈ రోజే క్యాన్సిల్ కొట్టేయండి.