ఏసీఎల్ ఆపరేషన్ అయిన అమ్మాయిని సౌత్ జోన్‌కు పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతోంది. బాస్కెట్‌బాల్‌లో పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి ఆట నడిపించే ప్లేయర్. ఫస్టియర్‌లోనే యూనివర్సిటీ జట్టుకు ఎంపికై సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీ) ఆడింది. మొన్న ఆగస్టు మొదట్లో ప్రాక్టీసులో ఎడమ మోకాలు మెలిపడి ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్) తెగింది. అదే నెల మూడో వారంలో ఆపరేషన్ చేయించాం. నాలుగు నెలలైంది. నొప్పి లేదు, మెట్లెక్కుతోంది, మెల్లగా పరుగెడుతోంది కూడా. ఆమె స్థానంలో ఇప్పుడు ఫస్టియర్ అమ్మాయిని ఆడిస్తున్నారు. వచ్చే ఏడాది సంగతి అడిగితే యూనివర్సిటీ జట్టు కోచ్ ‘చూద్దాం’ అంటున్నారు. జనవరి సౌత్ జోన్‌కు మాత్రం ‘పన్నెండు మందిలో పేరు పెడతాను, బెంచ్ మీద కూర్చుంటే చాలు, సర్టిఫికెట్ వస్తుంది’ అంటున్నారు. పంపమంటారా? అసలు ఆట మీద ఆశ పెట్టుకోవచ్చా?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: జనవరికి పంపకండి. ఆట మీద ఆశ మాత్రం వదులుకోనక్కర్లేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. కోచ్ గారి మాటలో రెండూ కలిసిపోవడం వల్లే మీకు ఎటూ తేలడం లేదు.

ముందు సర్టిఫికెట్ సంగతి. ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో యూనివర్సిటీ తరఫున ఆడినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాల కోసం ‘ఫారం 3’ ఇస్తారు. యూనివర్సిటీ క్రీడా విభాగం డైరెక్టరో డీనో దాని మీద సంతకం చేస్తారు. అయితే ఆ కోటాలో వరుస క్రమం ఉంది. అంతర్జాతీయ స్థాయిలో ఆడినవాళ్లు మొదట, జాతీయ పోటీల్లో మొదటి మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు తర్వాత, ఆ తర్వాత ఇంటర్ యూనివర్సిటీలో మొదటి మూడు స్థానాల వాళ్లు. పతకం లేకుండా పాల్గొన్నవాళ్లు చిట్టచివర వస్తారు. పాల్గొన్న సర్టిఫికెట్ మీ అమ్మాయికి ఫస్టియర్‌లోనే వచ్చింది. అలాంటిదే రెండోది చేరితే వరుసలో ఒక్క మెట్టు కూడా పైకి జరగదు. రైల్వే లాంటి సంస్థలైతే ఇటీవలి ప్రదర్శన చూస్తాయి, పైగా ట్రయల్స్‌లో కోర్టులో ఆడించి చూస్తాయి. అక్కడ కాగితం కంటే మోకాలే ముఖ్యం.

‘బెంచ్ మీద కూర్చుంటే చాలు’ అన్న మాట జనవరిలో నిలవదు. టోర్నీలో వరసగా రోజూ మ్యాచ్‌లుంటాయి. ఐదు ఫౌళ్లయితే ప్లేయర్ బయటికి వచ్చేయాలి. నాలుగో క్వార్టర్, నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నారు, ఒక గార్డ్ ఫౌళ్లతో బయటికి వచ్చేసింది, ఇంకో గార్డ్‌కు నాలుగు ఫౌళ్లు. యూనిఫాం వేసుకుని, వార్మప్ చేసి, పాయింట్ గార్డ్ ఆట తెలిసిన అమ్మాయి పక్కనే కూర్చుని ఉంది. ‘రెండు నిమిషాలు వెళ్తావా?’ అని కోచ్ అడగకుండా ఉండడం కష్టం. మీ అమ్మాయి వద్దనడం ఇంకా కష్టం.

నాలుగో నెలలో నొప్పి లేకపోవడమే అసలు చిక్కు. ఆపరేషన్‌లో వేసిన గ్రాఫ్ట్ మొదటి రోజునుంచే లిగమెంట్ కాదు. తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో తీసిన స్నాయువు ముక్క అది. దానిలో పాత కణాలు చనిపోతాయి, కొత్త రక్తనాళాలు పడతాయి, ఆ తర్వాతే లిగమెంట్‌లా మారడం మొదలవుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది దాటుతుంది. ఇదంతా నొప్పి లేకుండానే జరుగుతుంది కాబట్టి మెట్లెక్కడం, మెల్లగా పరుగెత్తడం చూసి గట్టిపడిందనుకుంటాం. నేరుగా పరుగెత్తినప్పుడు ఏసీఎల్ మీద పెద్ద భారం పడదు. వేగంగా వస్తూ ఒక్కసారిగా ఆగి పక్కకు తిరిగినప్పుడు, ఒంటికాలిమీద దిగినప్పుడు పడుతుంది. పాయింట్ గార్డ్ ఆటంతా అదే. తిరిగి ఆడడానికి తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ మోకాలు గాయపడే ముప్పు సుమారు సగానికి తగ్గుతూ వచ్చిందని 2016లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. జనవరికి మీ అమ్మాయికి ఐదు నెలలే.

ఇప్పుడు క్యాలెండర్ చూడండి. తొమ్మిది నెలలు మే మూడో వారానికి నిండుతాయి. వచ్చే విద్యాసంవత్సరం ఇంటర్ కాలేజియేట్ పోటీలు సెప్టెంబరు, అక్టోబరుల్లో అనుకుంటే అప్పటికి పదమూడు నెలలు. అప్పుడామె థర్డ్ ఇయర్. ఈ పోటీలు నడిపే భారత విశ్వవిద్యాలయాల సంఘం (ఏఐయూ) వయసు నిబంధన 17 నుంచి 25 ఏళ్లు కాబట్టి అదీ అడ్డు కాదు. అంటే పోయింది ఒక్క సీజన్, మిగిలినవి రెండు. ఫోర్త్ ఇయర్ సీజన్ క్యాంపస్ ఇంటర్వ్యూలతో ఢీకొంటుంది. అందుకని థర్డ్ ఇయర్‌నే అసలు సీజన్‌గా లెక్కేసుకోండి.

కోచ్ ‘చూద్దాం’ మాటకు అంత బరువు ఇవ్వకండి. యూనివర్సిటీ జట్టు కోచ్ ఏటా మారవచ్చు. జట్టును ఇంటర్ కాలేజియేట్‌లో ఆడిన తీరు, ఆ తర్వాత సెలక్షన్ ట్రయల్స్ చూసి ఎంచుతారు. ఈ జనవరిలో ఎవరు ఏం మాటిచ్చినా వచ్చే అక్టోబరులో అది చెల్లుతుందన్న హామీ లేదు. మీరు మాట్లాడాల్సింది మీ కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారితో. ఇంటర్ కాలేజియేట్‌లో ఆడించేది ఆయనే.

మాట్లాడేటప్పుడు ‘మా అమ్మాయి స్థానం ఉంటుందా సార్’ అని అడిగితే మళ్లీ ‘చూద్దాం’ అనే వస్తుంది. నిమిషాల్లో అడగాలి. మ్యాచ్ నలభై నిమిషాలు, కోర్టులో ఐదుగురు. మొత్తం 200 నిమిషాలు పంచాలి. మొదటి ఐదుగురు తలా 28, 29 నిమిషాలు ఆడితే 140 నుంచి 145 దాకా అక్కడే అయిపోతాయి. మిగిలిన 55, 60 నిమిషాలను ముగ్గురో నలుగురో పంచుకుంటారు. జట్టులో పన్నెండు మంది ఉన్నా నిజంగా ఆడేది ఎనిమిది, తొమ్మిది మందే. ఏడాది పాటు 28 నిమిషాలు ఆడిన ఆ ఫస్టియర్ అమ్మాయి దగ్గర్నుంచి ఆ నిమిషాలు వెనక్కి తీసుకోవడం జరగని పని, న్యాయమూ కాదు. అడగాల్సింది రెండో గార్డ్‌గా పది, పన్నెండు నిమిషాలు. అదీ ఒక్కసారి నాలుగైదు నిమిషాలకు మించకుండా రెండు మూడు విడతల్లో. దీన్ని అవమానంగా తీసుకోవద్దని అమ్మాయికి ముందే చెప్పండి. తిరిగి వచ్చిన మొదటి సీజన్‌కు డాక్టరైనా ఇంతకంటే ఎక్కువ కోరడు.

ఇంకో మాట కూడా పీడీ గారి చెవిన వేయండి: ఇద్దరు గార్డులు కలిసి ఆడే లైనప్. బంతి తెచ్చే పని ఆ అమ్మాయిది. మీ అమ్మాయి వింగ్‌లో, అంటే కోర్టు పక్కవైపు నిలబడి పాస్ అందుకుని షాట్ వేయాలి. 28 మీటర్ల కోర్టు పొడవునా మీదికొచ్చే డిఫెండర్లను తప్పించుకుంటూ బంతి తేవడంతో పోలిస్తే మోకాలి మీద భారం తక్కువ. ఈ ఖాళీ నెలల్లో సానబెట్టగలిగిందీ షూటింగే. ఫిజియో ఒప్పుకుంటే కుర్చీలో కూర్చుని, తర్వాత నిలబడి గెంతకుండా, తర్వాత 4.6 మీటర్ల ఫ్రీ త్రో గీత నుంచి, ఆఖరున 6.75 మీటర్ల మూడు పాయింట్ల గీత నుంచి. రోజూ ఎన్ని వేసింది, ఎన్ని పడ్డాయి అన్నది నోట్‌బుక్‌లో తేదీతో రాయమనండి. ఆరు నెలల లెక్క చేతిలో ఉంటే పీడీ గారి దగ్గర మీ మాటకు విలువ వేరు.

జనవరిలో జట్టుతో వెళ్లాలని ఆమెకు బాగా మనసుంటే ప్లేయర్‌గా కాదు, గణాంకాలు రాసే మనిషిగా వెళ్లొచ్చు. పన్నెండు మందిలో ఆమె పేరు లేకపోతే ఆడగలిగిన ఇంకో అమ్మాయికి చోటు దొరుకుతుంది. ఏ గార్డ్ ఎక్కడ బంతి పోగొట్టుకుంటోంది, ఏ లైనప్ ఉన్నప్పుడు స్కోరు పెరిగింది అని రాసి కంప్యూటర్‌లో పెట్టడం సీఎస్‌ఈ చదివే అమ్మాయికి చేతిలో పని. ఆమె చదువుకూ పనికొచ్చే ప్రాజెక్టు.

కోర్టులోకి ఎప్పుడు దిగాలన్నది తారీఖు ఒక్కటే చెప్పదు. ఫిజియో దగ్గర ఒంటికాలి గెంతు పరీక్ష ఉంటుంది. ఇది ఆయన సరేనన్నాకే, ఆయన ఎదుటే చేయాలి. కుడికాలితో 150 సెంటీమీటర్లు గెంతి ఎడమకాలితో 120 గెంతితే 80 శాతం. ఇది చాలదు, కనీసం 135 రావాలి, అంటే 90 శాతం. ఇక్కడో మోసం ఉంది. నెలల తరబడి ఆడకపోవడం వల్ల మంచి కాలు కూడా నీరసపడుతుంది. రెండూ బలహీనంగా ఉన్నా 90 శాతం వచ్చేస్తుంది. అందుకే కుడికాలి దూరాన్ని ఇప్పటినుంచే రాసిపెట్టమనండి, తర్వాత దానితోనే పోల్చాలి. గెంతు బాగున్నా తొడ ముందు కండరం వెనకబడి ఉండవచ్చు. దాని బలం విడిగా మిషన్ మీద కొలవమని అడగండి. దిగేటప్పుడు భయం పోయిందా అన్నది కూడా కొలుస్తారు, దానికి పన్నెండు ప్రశ్నల ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ పత్రం ఉంది.

ఇవన్నీ కుదిరాక వరుస ఇలా: ఎవరూ తగలని ప్రాక్టీసు, ఒకరిపై ఒకరు, సగం కోర్టులో ముగ్గురిపై ముగ్గురు, పూర్తి కోర్టులో ఐదుగురిపై ఐదుగురు, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకు సుమారు రెండు వారాలు. మర్నాడు పొద్దున మోకాలు వాచిందా, ఒక మెట్టు కిందికి దిగాలి. మే చివర మొదలుపెడితే ఆగస్టుకు తీరిగ్గా పూర్తవుతుంది. ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్లీ పోటీ స్థాయికి వచ్చేవాళ్లు సగానికి కాస్త ఎక్కువ మందేనని మీకు తెలిసి ఉండాలి. వెనక్కి తగ్గినవాళ్లలో మోకాలి వల్ల కాక భయం వల్ల ఆగిపోయినవాళ్లూ ఉంటారు.

చదువు దగ్గర ఒక లెక్క. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల్లో 75 శాతం హాజరు కావాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే ఆరోగ్య కారణాల మీద కండోనేషన్ (హాజరు తగ్గినందుకు మినహాయింపు), 65 కంటే తగ్గితే డిటెన్షన్, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. స్వయంప్రతిపత్తి కాలేజీల్లో తేడా ఉంటుందేమో మీ కాలేజీ నిబంధన చూడండి. సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే 22 రోజులు పోయినా ఫర్వాలేదు. ఆపరేషన్‌కు మూడు వారాలు పోయి, ఫిజియోకు వారానికో పూట పోతుంటే ఆ 22 ఎప్పుడో దాటి ఉంటాయి. ఇప్పటికీ పోర్టల్‌లో చూడకపోతే ఈ రోజే చూడండి. డిశ్చార్జి సమ్మరీ జత చేసి కండోనేషన్‌కు దరఖాస్తు ఇప్పుడే ఇవ్వండి, సెమిస్టర్ చివర్లో ఇస్తే బతిమాలుకోవాల్సి వస్తుంది. ఒక్క బ్యాక్‌లాగ్ మిగిలినా క్యాంపస్‌కు వచ్చే చాలా కంపెనీలు లోపలికే రానివ్వవు. చేరేటప్పుడు ఆట చూసి కాలేజీ ఫీజు రాయితీ నోటిమాటగా ఇచ్చి ఉంటే, ఈ ఏడాదిని వైద్య కారణంగా పరిగణిస్తున్నట్టు ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

ఆటే వృత్తి కావాలని ఆమె అంటే, బీటెక్ తర్వాత బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ), పటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఉన్నాయి. బీపీఈడీ ప్రవేశ పరీక్ష పీఈసెట్‌లో పరుగు, దూకడం, షాట్‌పుట్ పరీక్షలుంటాయి కాబట్టి అక్కడా ఈ మోకాలే లెక్కలోకి వస్తుంది. సర్కారు ఉద్యోగాల్లో క్రీడా కోటా తెలంగాణలో 2 శాతం. దానిమీదే ఆధారపడి బీటెక్ వదులుకోమని నేనైతే చెప్పను.

ఈ వారంలోనే ఆసుపత్రి నుంచి ఆపరేషన్ నోట్స్ కాపీ తెప్పించుకోండి. గ్రాఫ్ట్ ఎక్కడినుంచి తీశారు, మెనిస్కస్‌కు (మోకాలి ఎముకల మధ్య మెత్తలాంటి మృదులాస్థి) కుట్లు వేశారా అన్నది అందులోనే ఉంటుంది. కుట్లు వేసి ఉంటే పైన చెప్పిన వారాలన్నీ ఇంకొంచెం వెనక్కి జరుగుతాయి. ఎంత జరగాలో ఆ కాగితం చూసి ఫిజియోనే చెప్పనివ్వండి.