అయిదో నెల కడుపుతో ఉన్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

ఒంట్లో వస్తున్న ఈ మార్పులన్నీ మామూలేనా అని నిన్న ఫోన్‌లో గొంతు తగ్గించి అడిగావు చూడు, పక్కనే మీ పెదనాన్న ఉండడంతో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇలా రాస్తున్నాను.

రొమ్ములు బరువెక్కి సలపడం, చనుమొన చుట్టూ నల్లబడడం, నీలి నరాలు తేలడం, ఇవన్నీ మామూలే. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది, నరాలు పైకి కనిపించేది అందుకే. ఆ నలుపు మీద ఆవగింజల్లా లేచాయన్నావే, అవి పొక్కులు కావు తల్లీ, నూనె గ్రంథులు. చనుమొన ఎండి పగలకుండా జిడ్డు ఊరిస్తాయి. గిల్లకు. స్నానంలో అక్కడ సబ్బు కూడా వద్దు, నీళ్లు చాలు.

నా మొదటి కాన్పుకు ముందు, చర్మం గట్టిపడితే బిడ్డ పాలు తాగేటప్పుడు నొప్పి ఉండదని ఎవరో చెబితే, రోజూ గరుకు తువ్వాలుతో రుద్దుకున్నాను. వారం తిరక్కుండానే పగుళ్లు. జాకెట్టు తగిలినా ప్రాణం పోయేది. బిడ్డ నోరు బాగా తెరిచి, నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టిస్తే చాలావరకు నొప్పి రాదని కాన్పయ్యాక ఒక నర్సమ్మ చూపించింది. ముందు నుంచి రుద్దుకోవాల్సిన పనే లేదు.

జాకెట్టు లోపల పసుప్పచ్చగా ఎండి అట్టకట్టింది ముర్రుపాలు. కొందరికి అయిదో నెలకే ఒకటి రెండు చుక్కలు కారతాయి, కొందరికి కాన్పు దాకా కనబడవు. కనబడకపోతే పాలు పడవని కాదు. వస్తున్నాయా లేదా అని పిండి చూడొద్దు. రక్తం మరక కనిపించినా, గడ్డ తగిలినా, ఒకచోట ఎర్రగా వాచి జ్వరం వచ్చినా మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్లు.

బొడ్డు కింది నల్ల గీత చూసి మగపిల్లాడని మీ అత్తగారు మురిసిపోతున్నారన్నావు. మురవనీ, కానీ అది హార్మోన్ల పని. ఆడపిల్ల పుట్టినవాళ్లకూ వస్తుంది, కాన్పయ్యాక కొన్ని నెలలకు వెలిసిపోతుంది. బుగ్గల మీద మంగు ఎండకు ముదురుతుంది, గొడుగు లేకుండా బయటికి వెళ్లకు. తెల్లబడే క్రీములు, మొటిమలకని పెళ్లికి ముందు వాడిన ట్యూబు డాక్టరుకు చూపించకుండా ముట్టుకోవద్దు. పొట్ట సాగి పడే చారలు ఏ నూనెతోనూ ఆగవు. కొబ్బరినూనె రాస్తే దురద తగ్గుతుంది, అంతే.

దురద అంటే ఒక్కటి గుర్తుపెట్టుకో. పొట్ట సాగే చోట కాస్త దురద సహజం. దద్దుర్లేమీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు నిద్రపట్టనంతగా దురద పెడితే అది కాలేయానికి సంబంధించినది కావచ్చు. ఎక్కువగా చివరి మూడు నెలల్లో వస్తుంది, బిడ్డకు ప్రమాదం. తెల్లారగానే ఆసుపత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకో. మొహమాటపడి ఆగొద్దు.

నిమ్మకాయ పచ్చడితో పాటు మెత్తటి కాటన్ బ్రాలు నాలుగు పంపుతున్నాను. తీగలు లేనివే చూసి తీసుకున్నాను. ఒక సైజు పెద్దవి, ఇప్పుడు బిగుతుగా పట్టే చివరి హుక్కుకు పెట్టుకో.

మీ పెద్దమ్మ