శుక్లం ఆపరేషన్ తర్వాత మిగిలిన సిలిండర్ పవర్‌కు మళ్లీ ఆపరేషన్ చేయించాలా?

మీ అమ్మగారికి చిత్తూరులో శుక్లం ఆపరేషన్ జరిగి రెండు నెలలైనా దూరంలోని అక్షరాలకు నీడ పడినట్టు కనిపిస్తోందని, పరీక్షలో సిలిండర్ పవర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం వల్ల వచ్చే దోషానికి కొలత) రెండు దాటిందని, లేజర్ చేయిస్తే పోతుందా అని అడిగారు. తిరుపతిలో మా నాన్నగారికి ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు దగ్గరుండి చూసుకున్నాను. ఏ చికిత్స అన్నది తర్వాత, ఆ సిలిండర్ ఎక్కడి నుంచి వచ్చిందో ముందు తేలాలి.

మామూలు మోనోఫోకల్ లెన్స్ (ఒకే దూరానికి చూపు కుదిర్చేది) కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శక పొర, వంపులోని తేడాను సరిచేయదు కాబట్టి, ఆపరేషన్‌కు ముందు కార్నియాలో ఉన్న సిలిండర్ అలాగే మిగిలిపోతుంది. శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో కరిగించి తీసే ఫేకో పద్ధతిలో కోత మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది; కుట్టులేని మాన్యువల్ పద్ధతిలో ఆరు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కనుక ఆ కోత వల్ల కూడా కొంత సిలిండర్ వస్తుంది.

మా నాన్నగారికి వేసింది సిలిండర్‌ను సరిచేసే టోరిక్ లెన్స్. అయినా బస్టాండులో బస్సు మీది పీలేరు అన్న పేరు ఆయనకు ఒకదానిమీద ఒకటి ఎక్కిన అక్షరాల్లా కనిపించేది. చుక్కల మందుతో కంటిపాపను పెద్దది చేసి చూసినప్పుడు, లెన్స్ అంచు దగ్గరి సన్నని గుర్తులు నిర్ణయించిన యాక్సిస్‌కు (లెన్స్‌ను అమర్చాల్సిన కోణానికి) పక్కగా జరిగి ఉన్నాయి. లెన్స్ ఒక్కో డిగ్రీ తిరిగితే దిద్దుబాటులో సుమారు 3 శాతం పోతుంది; 30 డిగ్రీలు తిరిగితే ఫలితమే ఉండదు, అది దాటితే సిలిండర్ పెరుగుతుంది కూడా. కంటిలోని పొర లెన్స్‌ను గట్టిగా పట్టేయక ముందే, మొదటి వారాల్లోనే గుర్తించడం వల్ల దాన్ని తిప్పి సరిచేయగలిగారు. అందువల్ల డిశ్చార్జి కాగితాలతో ఇచ్చిన లెన్స్ కార్డులో టోరిక్ అని ఉందేమో ఈ రోజే చూడండి. ఉంటే ఆలస్యం చేయవద్దు.

మామూలు లెన్స్ అయితే తొందర లేదు. సిలిండర్ కళ్లద్దాలతో ఆమెకు స్పష్టంగా కనిపిస్తే, ఆ వయసులో అదే మేలైన మార్గమని నా అభిప్రాయం. అద్దాలు వద్దనుకుంటే, తక్కువ సిలిండర్‌కు కార్నియా అంచున పెట్టే సన్నని కోతలు, అంతకు మించితే కార్నియా వంపును లేజర్‌తో సరిదిద్దే లాసిక్ లేదా పీఆర్‌కే ఉన్నాయి. లేజర్‌కు సాధారణంగా మూడు నెలలైనా ఆగి, పవర్ నిలకడగా ఉందని చూసుకుంటారు. కన్నీరు తక్కువైతే కొలతలే తప్పుతాయి, పైగా లాసిక్ ఆ పొడిబారడాన్ని పెంచుతుంది కనుక ముందు దానికి మందు వాడాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. లెన్స్ మార్చే ఆలోచన ఏ కొంచెం ఉన్నా, అది తేలేవరకు యాగ్ లేజర్ (లెన్స్ వెనుక పొర మసకబారితే చేసేది) చేయించవద్దు. దానితో లెన్స్ వెనుక పొర తెరుచుకుంటుంది, ఆ తర్వాత లెన్స్ మార్చడం చాలా ప్రమాదకరం. అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా రాకపోతే కారణం సిలిండర్ ఒక్కటే కాకపోవచ్చు. ముఖ్యంగా ఆమెకు షుగర్ ఉంటే, కార్నియా టోపోగ్రఫీ (వంపు మ్యాప్)తో పాటు కంటి వెనుకనున్న రెటీనా పొరకు ఓసీటీ స్కాన్ కూడా తీయమని అడగండి.