డేట్‌కు వారం ముందు నుంచి నేను నాలాగా ఉండను

మిర్యాలగూడ నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. ముప్పై దాటిన వయసు, ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది, భర్త రైస్ మిల్లులో గుమస్తా, నాలుగేళ్ల బాబు. ఆమె మాటల్లోనే కొంచెం తగ్గించి పెడుతున్నాను:

"డేట్‌కు వారం పది రోజుల ముందు నుంచి పొట్ట ఉబ్బుతది, రొమ్ములు ముట్టుకుంటే నొప్పి, రాత్రిళ్లు నిద్ర పట్టది. చిన్న మాటకే ఏడుపు, లేకుంటే కోపం. పోయిన నెల బాబును కొట్టిన. ఎందుకు బతకాలి అని కూడా అనిపిస్తది. నెల వచ్చిన రెండో రోజుకు అంతా మామూలే. అత్తమ్మ గాలి సోకిందని తాయత్తు కట్టించింది. నా చిట్టీ పైసలు నన్ను అడగకుండా ఆడబిడ్డ పెండ్లికి ఇచ్చిండ్రు, ఆ మాట ఎత్తితే చాలు మా ఆయన 'డేట్ దగ్గరికొచ్చిందా' అని బయటికి పోతడు. నాకు పిచ్చి పట్టిందా? మా అమ్మగారింటికి దేవరకొండ పోయి అక్కడే ఉందామనుకుంటున్న."

పిచ్చి కాదమ్మా. మీరు రాసిన దాంట్లోనే జవాబు సగం ఉంది, నెల రాగానే రెండో రోజుకు తగ్గిపోతుందన్నారు చూడండి, అది చాలా ముఖ్యమైన మాట. మామూలు డిప్రెషన్ అయితే డేట్ చూసుకుని రాదు, డేట్ చూసుకుని పోదు.

ఒంట్లో జరిగేది ఇది. నెలసరికి దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది, ఆ తర్వాత ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ బాగా పెరుగుతుంది, గర్భం రాకపోతే చివరి రోజుల్లో అదీ ఈస్ట్రోజెనూ రెండూ పడిపోతాయి. ఈ ఎక్కడం దిగడం ఆడవాళ్లందరిలోనూ ఉంటుంది. కొందరి మెదడు మాత్రం ఈ మార్పుకు ఎక్కువ కదిలిపోతుంది, మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ కూడా తేడా చేస్తుంది. అందుకే రక్త పరీక్ష చేయిస్తే హార్మోన్లు అన్నీ నార్మల్ అని వస్తాయి, ఇంట్లో వాళ్లు "ఏం లేదన్నరు కదా, నాటకాలు" అంటారు. రిపోర్టు నార్మల్ వచ్చినా బాధ నిజమే.

కొంచెం చిరాకు, నొప్పులు, తీపి తినాలనిపించడం వరకు ఉంటే దాన్ని పీఎంఎస్ అంటారు, అది చాలామందికి ఉండేదే. మీరు రాసింది, బిడ్డ మీద చెయ్యి లేవడం, బతుకు మీద విరక్తి, అంతకు మించినది. దీనికి పీఎండీడీ అని పేరుంది, నూరు మంది ఆడవాళ్లలో అయిదుగురికి అటూ ఇటూ ఉంటుంది, 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తమ రోగాల పుస్తకంలో దీన్ని అసలైన జబ్బుగా చేర్చింది. మీకు ఉన్నది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, డాక్టరే చెప్పాలి. తాయత్తు సంగతి అంటారా, అత్తమ్మ మనసు కోసం ఉండనివ్వండి, కానీ దాని పేరు చెప్పి డాక్టరు దగ్గరికి పోవడం ఆపొద్దు.

డాక్టరు మొదట అడిగేది రాసిన లెక్కే. గోడ మీది క్యాలెండర్‌లో ప్రతి రోజు గడిలో రెండు మూడు మాటలు రాయండి, నిద్ర, ఏడుపు, కోపం, నొప్పి, నెల వచ్చిన రోజు. రెండు నెలలు, మంచి రోజుల్లో కూడా. నెల అయిపోయాక కనీసం ఒక వారం హాయిగా ఉంటే ఇది నెలసరికి ముందొచ్చేదే. నెలంతా దిగులుగానే ఉండి డేట్ ముందు ఎక్కువవుతుంటే విషయం వేరు, థైరాయిడ్, రక్తం తక్కువ ఉండటం లాంటివి కూడా చూడాలి. కానీ చచ్చిపోవాలనే ఆలోచన వస్తోందన్నారు కాబట్టి రెండు నెలలు నిండే వరకు ఆగకండి, రాయడం మొదలుపెట్టి ఈ వారమే చూపించుకోండి. నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రిలో మొదట ఆడవాళ్ల డాక్టరును కలవండి, మానసిక వైద్యుల దగ్గరికి పంపితే భయపడకండి. సెరటోనిన్ మీద పనిచేసే మందులు దీనికి కొద్ది రోజుల్లోనే గుణం చూపిస్తాయి, కొందరికి నెలసరికి ముందు రెండు వారాలు మాత్రమే ఇస్తారు. మెడికల్ షాపులో అడిగి మీ అంతట మీరు వేసుకోవద్దు. ఆ ఆలోచన గట్టిగా వచ్చిన రోజు, అర్ధరాత్రైనా సరే, 14416కు ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఒకరికైనా అదే రోజు చెప్పండి.

తిండి విషయంలో పచ్చళ్లు, ఉప్పు, సాయంత్రం చాయ్ ఆ పది రోజులు తగ్గించండి, రోజూ అరగంట నడవండి, పెండ్లిళ్ల సీజన్ ఆర్డర్లు ఆ వారంలో పడకుండా ఒప్పుకోండి. కోపం లేచినప్పుడు మెషిన్ ముందు నుంచి లేచి బాబును అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టి వాకిట్లోకి రండి. బాబుకు తర్వాత దగ్గరికి తీసుకుని "నీ తప్పేం లేదు" అని చెప్పండి, పిల్లలు తమ వల్లే అమ్మ ఏడుస్తోందనుకుంటారు.

ఇప్పుడు చిట్టీ పైసలు. ఇది నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజుల్లో మీ గొంతు పెరగడానికి కారణం ఒంట్లో ఉండొచ్చు, కానీ మిమ్మల్ని అడగకుండా మీ డబ్బు ఇచ్చేశారన్నది నెలలో ఏ తారీఖునైనా నిజమే. మిగతా రోజుల్లో మింగుకుంటున్న మాట ఆ వారం బయటికి వస్తోంది. దేవరకొండ పోవాలా వద్దా అన్నది కూడా ఆ వారంలో తేల్చకండి, నెల అయిపోయి మనసు తేలిగ్గా ఉన్న రోజు కూడా అదే అనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం, మళ్లీ రాయండి.

మీ ఆయనకు ఇది చదివి వినిపించండి. అన్నా, "డేట్ దగ్గరికొచ్చిందా" అనే మాట మానెయ్యండి, దాంతో ఆమె చెప్పేది ఏదీ వినకుండా తప్పించుకున్నట్టవుతుంది. ఆ వారం బాబు స్నానం, రాత్రి వంట మీరు చూడండి. ఆసుపత్రికి ఆమెతో పాటు మీరూ రండి. నెల వెళ్లాక ఒక ఆదివారం ఇద్దరూ కూర్చుని, చిట్టీ పైసలు ఎప్పుడు, ఎన్ని విడతల్లో తిరిగి ఇస్తారో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి.