ముందు దారం సంగతి తేల్చు

ఒరేయ్ నాన్నా,

నువ్వు చేయాలనుకుంటున్న పతంగుల ఫోన్ ఆట గురించి పంపిన 40 పేజీల డాక్యుమెంటు మొత్తం చదివాను. పాతబస్తీ మేడల వర్ణన బాగుంది. 16 రకాల పతంగుల పట్టిక కూడా బాగుంది. ఆడేవాడి బొటనవేలు ఏం చేస్తుందో మాత్రం ఎక్కడా రాయలేదు. సంక్రాంతికి మేడ మీద నిలబడి పేంచ్ వేసి, అంటే మన దారాన్ని ఎదుటివాడి దారం మీద పడేసి, వాడి పతంగి కోయడం, ఇదేగా నీ ఆట? అయితే ముందు తేలాల్సింది ఒక్కటే. ఫోన్ తెర మీద దారం లాగడం, వదలడం సరదాగా ఉంటుందా? ఉండదని తేలితే ఆ పేజీలన్నీ దండగ.

ఆట తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీనా, గోడోనా అని అడిగావు. నీ ల్యాప్‌టాప్‌లో ఏది గబగబా తెరుచుకుంటే అది. గోడో ఉచితం, బరువు కూడా తక్కువ. దీనిమీద ఇంతకంటే బుర్ర పెట్టకు.

తెర ఖాళీగా ఉంచు. ఒక చతురస్రం పతంగి, ఒక గీత దారం. ఒక్క వేలు చాలు: నొక్కి పడితే లాగినట్టు, తీస్తే ఢీల్ ఇచ్చినట్టు, అంటే దారం వదిలినట్టు. లాగినప్పుడు పతంగి ముక్కు ఎటుంటే అటు దూసుకెళ్లాలి. వదిలినప్పుడు గాలికి దూరం జరుగుతూ చుట్టూ తిరగాలి. పోటీ లేకుండా, స్కోరు లేకుండా, ఊరికే దాన్ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చోబుద్ధి కావాలి. సూపర్ మారియో 64 అనే వీడియో గేమ్ చేసేటప్పుడు నింటెండో కంపెనీ డిజైనర్ మియమోటో బృందం లెవెళ్ల జోలికి వెళ్లకముందే మారియోని చిన్న జాగాలో ఒక కుందేలు వెంట పరుగెత్తించి, ఆ కదలిక కుదిరేదాకా దాన్నే పట్టుకుని కూర్చుంది.

తర్వాత పేంచ్. ఇది కాస్త నెమ్మదిగా చదువు, ఆట ప్రాణం ఇక్కడే ఉంది. రెండు దారాలు ఒకదాని మీద ఒకటి పడ్డాక ఏది తెగుతుంది? కదలని దారం ఒకే చోట కోసుకుపోతుంది. కదిలే దారానికి ఆ రాపిడి పొడవునా పంచుకుపోతుంది. అందుకే ఒకడు సర్రున లాగేస్తాడు, ఇంకొకడు వదులుతూ పోతాడు, తటపటాయించినవాడిది తెగుతుంది. లాగుతూనే ఉంటే పతంగి నీ మేడ మీదికే వచ్చేస్తుంది, వదులుతూనే ఉంటే దారం చుట్టిన చరఖాలో దారం అయిపోతుంది. అంటే రెండు పద్ధతులకీ హద్దుంది, ఆగితే మాత్రం ఓటమే. ఇంత మంచి నియమం ఊరికే దొరికింది నీకు. కోడ్‌లో ప్రతి దారానికీ అరుగుదల అని ఒక అంకె పెట్టు, దారం ఎంత వేగంగా కదిలితే అది అంత నెమ్మదిగా పెరగాలి. అంతే.

ఆ అంకె ఎంత ఉండాలో ఆడితేగానీ ఎవరూ చెప్పలేరు. సివిలైజేషన్ అనే ఆట చేసిన సిడ్ మైయర్ పద్ధతి ఒకటుంది: కొంచెం కొంచెం జరపకుండా రెట్టింపు చెయ్యడమో, సగానికి కోసెయ్యడమో. పేంచ్ రెండు సెకన్లలో అయిపోతుంటే నాలుగు చేసి చూడు. తేడా కొట్టొచ్చినట్టు కనబడితేనే ఎటు పోవాలో తెలుస్తుంది. ఆట నడుస్తుండగానే అంకెలు మార్చుకునేలా ఒక మూల స్లైడర్లు పెట్టుకో.

కంప్యూటర్ ప్రత్యర్థిని ఇప్పుడే రాయకు. ఒకే కీబోర్డు మీద నీకొక మీట, నీ రూమ్మేట్‌కొక మీట. మనిషితో ఆడినా చప్పగా ఉన్న ఆట కంప్యూటర్‌తో ఆడితే బాగుపడదు. అది కుదిరాక ఫోన్‌లోకి మార్చు, అదీ తక్కువ ధర ఫోన్‌లోకి. వేలు నొక్కడానికీ పతంగి కదలడానికీ మధ్య ఆలస్యం తెలిసిందంటే చేతిలో దారం ఉన్నట్టే అనిపించదు.

ముందు కాగితం మీద ఆడి చూడమని ఎవరో చెప్పారన్నావు. పులి-మేక లాంటి ఆటకైతే నిజమే. గీతలు గీసి, చింతగింజలు పేర్చి, మేకల సంఖ్య మార్చుకుంటూ ఒక సాయంత్రంలో తేల్చెయ్యొచ్చు. నీ ఆటంతా వేలిలో ఉంది, కాగితంతో పని జరగదు. గెలిస్తే ఎంత, మాంజా (కోసే పదునున్న పతంగి దారం) ధర ఎంత లాంటి లెక్కలు ఎక్సెల్‌లో చూసుకో, అదీ పేంచ్ కుదిరాకే. అన్నట్టు, ఆటలోని దుకాణంలో చైనా మాంజాను, అంటే నైలాన్ దారాన్ని, పెద్ద బహుమతిగా పెట్టావు, తీసెయ్యి. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) నిషేధించినా దానికి మెడలు తెగుతూనే ఉన్నాయి.

బొమ్మల్లేకుండా ఎవరికి చూపిస్తాం అంటావు. 2017లో వచ్చిన జెల్డా ఆటకి మంట, గాలి, చెట్లు ఒకదానితో ఒకటి ఎలా పనిచేయాలో చూసుకోవడానికి నింటెండోవాళ్లు 1986 నాటి మొదటి జెల్డాలాంటి బొమ్మలతో 2డీ నమూనా చేసుకున్నారు. పైగా ముస్తాబు చేశాక దేన్నీ పారెయ్యబుద్ధి కాదు.

మీ అమ్మకి చూపించకు. మా అక్క ఖాళీ తెర చూసినా బాగుందంటుంది. పక్కింటి పిల్లాడికి ఫోన్ ఇచ్చి నోరు మూసుకుని కూర్చో. "నొక్కి పట్టుకో" అన్నావంటే ఆ పరీక్ష పోయినట్టే, ప్లే స్టోర్‌లో దించుకున్నవాడి పక్కన నువ్వుండవుగా. అయ్యాక "ఎలా ఉంది" అని కాకుండా "దారం ఎందుకు తెగింది" అని అడుగు. వాడు నోటికొచ్చింది ఏదో చెప్పాడంటే దారం అరగడం తెర మీద కనబడట్లేదన్నమాట. రంగు మార్చు, గరగర చప్పుడు పెట్టు. ఫోన్ తిరిగి అడిగితే "ఆగన్నా, ఇంకొక్కటి" అన్నాడా లేదా, అది తప్పకుండా రాసిపెట్టుకో.

పేంచ్ కుదరకపోతే పక్షులు, గాలివాన, పవర్‌లు చేర్చాలనిపిస్తుంది. ఉప్పు లేని పప్పు మీద కొత్తిమీర చల్లితే ఏం లాభం? మూల నియమాన్నే కదుపు. డయాబ్లో అనే వీడియో గేమ్ మొదట వంతులవారీగా ఆడే ఆట. దాన్ని తయారుచేసిన డేవిడ్ బ్రెవిక్ మనసొప్పకపోయినా దాన్ని ఆగకుండా నడిచే ఆటగా మార్చి చూశాడు, కొన్ని గంటల పని. ఆ ఆట పేరు అలా నిలబడింది. నీ నమూనా కోడ్ గజిబిజిగా ఉంటే ఉండనీ, అసలు ఆటకి మళ్లీ రాసుకుంటావు. పాత వెర్షన్లు మాత్రం చెరపకు.

ఉద్యోగం మానేస్తానన్నావు. పేంచ్ తేలేదాకా మానకు, రెండు చతురస్రాల పనికి శని, ఆదివారాలు చాలు. ఫోన్‌లో పెట్టుకునే ఆట ఫైలు (ఏపీకే) డ్రైవ్‌లో పెట్టి లింక్ పంపు. మా కింది వాటాలో ఇద్దరు పిల్లలున్నారు, వాళ్లకిచ్చి వేళ్లు కనబడేలా వీడియో తీసి పంపుతాను.

నీ పిన్ని