ఘాట్‌లో ఇంజిన్ కుదుపు, పొద్దున్నే కదలని స్టీరింగ్: రెండూ ఒకటే సమస్యా?

మీరు అడిగింది: సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వెళ్తుంటే వానాకాలంలో మీ టర్బో స్పోర్ట్స్ కారు కుదుపుతోంది, కొన్ని ఉదయాలు స్టీరింగ్ లాక్ వదలడం లేదు. నేను జయపురంలోనే ఉంటాను, ఆ ఎత్తు నాకు తెలుసు.

కుదుపు సాధారణంగా మిస్‌ఫైర్, అంటే ఏదో సిలిండర్‌లో పెట్రోలు సరిగ్గా మండకపోవడం. ఎక్కుడులో సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, అప్పుడు ప్లగ్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చే కాయిల్ బలహీనంగా ఉంటే ప్లగ్ దగ్గర స్పార్క్ దాటించలేదు. ముందు కారులోని తప్పుల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టండి. పీ0301 వస్తే మిస్‌ఫైర్ ఒకటో సిలిండర్‌లో. దాని కాయిల్‌ను మూడో దానితో మార్చి నడపండి. కోడ్ పీ0303కి మారితే కాయిల్‌దే తప్పు. మారకపోతే ప్లగ్, తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. కాయిల్ రబ్బరు గొట్టం తీసి వెలుతురులో తిప్పి చూడండి, వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే కరెంటు అక్కడి నుంచి బయటికి కారుతున్నట్టే. ప్లగ్ గుంతలో నీళ్లుంటే ఆరబెట్టండి.

చెక్ ఇంజిన్ లైటు ఆగి ఆగి వెలుగుతుంటే దయచేసి ఎక్కుడు ఆపేయండి. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది, దాని ఖర్చు కాయిల్ కన్నా చాలా ఎక్కువ.

స్టీరింగ్ వేరే సంగతి. తాళంచెవి రకమైతే స్టీరింగ్ చక్రాన్ని మెల్లగా అటూ ఇటూ కదుపుతూ చెవి తిప్పండి. స్టీరింగ్‌ను పట్టి ఉంచే లాక్ పిన్ మీద బరువు తగ్గి వదులుతుంది. బటన్ స్టార్ట్ కారైతే పిన్‌ను చిన్న మోటారు లాగుతుంది, ముందు బ్యాటరీ చూడండి. రాత్రంతా ఆపిన కారులో 12.6 వోల్టులు ఉండాలి, 12.2 కన్నా తగ్గితే ఛార్జింగ్ పెట్టండి. స్టీరింగ్ చక్రం కింది కాలమ్‌ను సుత్తితో మాత్రం కొట్టనివ్వకండి, పైనే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.