"సలేస్తంది" అంటే తప్పా? మంచులోని చల్లదనం నీళ్ళలోకి పోతుందా?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. "గ్లాసు నీళ్ళలో మంచుముక్క వేస్తే నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?" అని పరీక్షలో ఇస్తే సగం మంది "మంచులో ఉన్న చల్లదనం నీళ్ళలోకి పోతుంది కనక" అని రాశారు. కొట్టేశాను. ఒక కుర్రాడు లేచి "మరి సలేస్తంది, సలొచ్చెస్తంది తలుపెయ్యండి అని అందరూ అంటారు కదా మేడం, అవన్నీ తప్పులేనా?" అన్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇంకోటి కూడా. వేడి, ఉష్ణం, ఉష్ణోగ్రత మూడూ ఒకటేనా? "42 డిగ్రీల వేడి" అని రాయొచ్చా?

సమాధానం: అమ్మా, ముందు ఆ కుర్రాడికి జవాబు చెప్పాలి. వాడు అడిగింది చాలా మంచి ప్రశ్న.

"నాకు చలేస్తోంది" తప్పు కాదు, సైన్సు ప్రకారం కూడా తప్పు కాదు. ఇలాంటి వాక్యాలు తెలుగులో బోలెడు: ఆకలేస్తోంది, దాహం వేస్తోంది, భయం వేసింది, నిద్రొస్తోంది. వీటిలో అనుభవించే మనిషికి "కు" చేరుస్తాం, అనుభవాన్ని కర్తగా పెడతాం. ఆకలేసిందంటే ఆకలి అనే పదార్థమేదో బయటినుంచి కడుపులోకి దూరిందని ఎవరూ అనుకోరు కదా. చలి కూడా అంతే, అది ఒంటికి తెలిసే సంగతి. ఒంట్లోంచి వేడి మామూలుకన్నా వేగంగా బయటికి పోతుంటే ఆ పోవడాన్ని చర్మం "చలి" అని చెబుతుంది, మనం "సలేస్తంది" అంటాం.

"సలొచ్చెస్తంది, తలుపెయ్యి" అన్నప్పుడు చలి అంటే చలిగాలి. గాలి నిజంగానే లోపలికి వస్తుంది, కాబట్టి అందులోనూ తప్పు పట్టడానికేమీ లేదు.

ఒంటికి తెలిసేదీ, వస్తువులో నిజంగా ఉన్నదీ వేరు కావచ్చని మాత్రం పిల్లలకి గట్టిగా చెప్పండి. పుష్యమాసం పొద్దున్నే కిటికీ ఇనపచువ్వ పట్టుకుంటే జిల్లుమంటుంది, పక్కనున్న చెక్క తలుపు అలా అనిపించదు. రాత్రంతా ఒకే గదిలో ఉన్నాయి, రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. మన చర్మం 33 డిగ్రీల దగ్గర ఉంటుంది, చువ్వ అంతకంటే తక్కువలో ఉంది కనక చేతిలోని వేడి అందులోకి పోతుంది, పైగా ఇనుము చెక్కకంటే వందల రెట్లు బాగా వేడిని మోసుకుపోతుంది. అందుకే చెయ్యి అంత త్వరగా చల్లబడుతుంది. అదే చువ్వ మీద మే నెల ఎండ పడుతున్నప్పుడు చెయ్యి వేస్తే కాలుతుంది, ఎందుకంటే ఇప్పుడు వేడి చువ్వలోంచి చేతిలోకి వస్తోంది, అంతే వేగంగా. క్లాసులో పిల్లల చేత చువ్వనీ చెక్కనీ పట్టించి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఇక మంచుముక్క. మీరు కొట్టేసింది సరైనదే. వాళ్ళు రాసింది అనుభవం గురించిన వాక్యం కాదు, కారణం చెప్పే వాక్యం. ఏది ఎటు కదిలిందో చెబుతోంది, అది తిరగబడింది. 30 డిగ్రీల దగ్గరున్న 200 గ్రాముల నీళ్ళలో 20 గ్రాముల మంచు వేశామనుకోండి. గ్రాము మంచు కరగడానికి 80 కెలోరీలు కావాలి, అంటే 20 గ్రాములకి 1600. కరిగిన ఆ నీళ్ళు సున్నా నుంచి 20 డిగ్రీలకి ఎక్కడానికి ఇంకో 400. మొత్తం 2000 కెలోరీలూ గ్లాసులోని నీళ్ళే ఇచ్చాయి, ఇచ్చి 10 డిగ్రీలు దిగాయి. (గ్లాసూ గాలీ ఇచ్చే కాస్త వేడిని వదిలేసి చెబుతున్నాను.) రెండూ 20 దగ్గర కలిశాక ఇటునుంచి అటు పోయేదీ, అటునుంచి ఇటు వచ్చేదీ సమానం, ఇక మార్పు ఉండదు. దీన్నే పుస్తకాల్లో ఉష్ణ సమతాస్థితి అంటారు.

తప్పు రాసిన పిల్లల్ని మాత్రం కించపరచకండి. 1790 ప్రాంతంలో జెనీవాలో పిక్టే అనే శాస్త్రవేత్త రెండు పుటాకార దర్పణాలు ఎదురెదురుగా దూరంగా పెట్టి, ఒకదాని నాభి (కిరణాలన్నీ వచ్చి కలిసే చోటు) దగ్గర థర్మామీటరు, రెండోదాని నాభి దగ్గర మంచు ఉన్న గాజుపాత్ర ఉంచితే థర్మామీటరు దిగిపోయింది. చూసినవాళ్ళకి చల్లదనమే కిరణాలుగా ప్రయాణం చేసినట్టు అనిపించింది. వేడి మీద ఎన్నో ప్రయోగాలు చేసిన రమ్‌ఫర్డ్ అంతటి శాస్త్రవేత్త కూడా చాలాకాలం అలాగే నమ్మాడు. ప్రెవో అనే ఆయన 1791లోనే విడమరిచి చెప్పాడు: ప్రతి వస్తువూ ఎప్పుడూ వేడిని వెదజల్లుతూనే ఉంటుంది, థర్మామీటరు మంచువైపు పంపింది ఎక్కువ, మంచునుంచి దానికి వచ్చింది తక్కువ, అందుకే దిగింది. ఈ కథ మీ క్లాసులో తప్పకుండా చెప్పండమ్మా.

మన వాడుకభాష ఈ విషయంలో వెనకబడి ఉందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. జ్వరం వచ్చినవాడి నుదుటి మీద తడిగుడ్డ వేసి, మన ఇళ్ళలో పెద్దవాళ్ళు "గుడ్డ వేడి లాగేస్తుంది" అంటారు. "గుడ్డ చల్లదనం ఇస్తుంది" అనరు. వేడి ఎక్కింది, వేడి దిగింది, వేడి తగిలింది, అన్నిటా కదిలేది వేడే. పొయ్యిని ముట్టుకోకుండా దూరం నుంచి తెలిసే వేడికి "సెగ" అని విడిగా మాట ఉంది, వికిరణం పాఠం దాంతో మొదలుపెట్టొచ్చు. బుడితి ఊళ్ళో చేసే ఇత్తడి గిన్నె అంచు పట్టుకుంటే చురుక్కుమనడంతో వహనం, అంటే వస్తువు గుండా వేడి పాకడం, చెప్పొచ్చు. కుండనీళ్ళ గురించి అడిగితే, కుండ చెమ్మగిల్లి ఆ తడి ఆవిరయ్యేటప్పుడు గ్రాముకి సుమారు 580 కెలోరీలు పట్టుకుపోతుందని చెప్పండి. గాలి తేమగా ఉన్న రోజు ఆవిరి సరిగ్గా కాదు, అందుకే కళింగపట్నం లాంటి సముద్రతీరాల్లో ఉక్కపోత రోజుల్లో కుండనీళ్ళు అంత చల్లబడవు.

రెండో సందేహం. ఉష్ణం, ఉగ్రత కలిస్తే గుణసంధితో ఉష్ణోగ్రత. వేడి తీవ్రత ఎంత అన్నది ఉష్ణోగ్రత, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే శక్తి ఉష్ణం. మాట కట్టినవాళ్ళు చక్కగా కట్టారు. గోరువెచ్చటి నీళ్ళున్న గోలెంలో ఎర్రగా కాలిన మేకు పడేస్తే, గోలెం నీళ్ళలో ఉన్న మొత్తం శక్తి మేకులో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా వేడి మేకులోంచే నీళ్ళలోకి పోతుంది, ఎందుకంటే దిక్కు తేల్చేది ఉష్ణోగ్రత. ఈ రెండూ వేరని 18వ శతాబ్దంలో స్పష్టంగా చెప్పినవాడు స్కాట్లండుకి చెందిన జోసెఫ్ బ్లాక్. కాబట్టి "ఉష్ణోగ్రత ప్రవహించింది" తప్పు. "చల్లటి ఉష్ణోగ్రత" అని ఈమధ్య టీవీల్లో వింటున్నాను, అదీ బాగోదు, "తక్కువ ఉష్ణోగ్రత" అనాలి. "42 డిగ్రీల వేడి" మాటల్లోనూ పేపర్లోనూ నాకు అభ్యంతరం లేదు, ఎవరికీ అపార్థం కాదు. పరీక్షలో మాత్రం ఉష్ణోగ్రత అనే రాయించండి. పుచ్చకాయ చలవ, మామిడిపండు వేడి అనేవి వేరే లెక్క, వాటిని థర్మామీటరుతో ముడిపెట్టకండి.

వాడుక భాషలో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి మన శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టినవాడే. కాబట్టి "సలేస్తంది" అన్న పిల్లాడి మాట దిద్దకండి. "వేడి ఎవరిది పోయింది? ఎవరికి చేరింది?" అని అడగండి. "నీళ్ళ వేడిని మంచు తీసుకుంది, అందుకే నీళ్ళు చల్లబడ్డాయి" అని వాళ్ళ మాటల్లోనే రాస్తే పూర్తి మార్కులు వెయ్యండి, ఉష్ణమనీ గ్రహించిందనీ రాయకపోయినా సరే.